బెట్ట పెట్టిన మల్లెలు

పాత ఇంటి తాళం తీసి పెరట్లో అడుగు పెట్టగానే మల్లెపొదే ఎదురొచ్చింది. మనిషెత్తు దాటిపోయింది. బెత్తెడేసి ఆకులు, ముదురాకుపచ్చ, నిగనిగలాడుతున్నాయి. కొమ్మలు ఒకదాన్నొకటి పెనవేసుకుని నూతి గోడ మీదికి పాకాయి. చైత్రం సగం గడిచింది. అంత పొదలో వెతగ్గా వెతగ్గా మూడంటే మూడు మొగ్గలు కనిపించాయి, అవీ చేతికందని పైకొమ్మల చివర.

కారణం కాళ్ల కిందే ఉంది. నీళ్ల తొట్టి గొట్టం ఎప్పుడో పగిలి, సన్నటి ధార పాదులోకి జారుతూ ఉంది. మట్టి నాచు పట్టి పచ్చగా ఉంది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్న తేడా లేకుండా ఆ పొద తాగుతూనే ఉంది. తెలియనివాళ్లు చూస్తే ఎంత ఏపుగా ఉందో అంటారు. మామ్మ చూసుంటే తల పట్టుకునేది. మల్లె ఏపుగా ఉందంటే పూయడం మానేసిందని ఆవిడ లెక్క.

పొద్దు వాలాక ఆ మూడింట్లో ఒకటి విచ్చింది. ఒక్క పువ్వే. ఆ వాసన చాలు, ఎనిమిది పొదలూ ఎక్కడెక్కడ ఉండేవో, పొగడ నీడ ఏ గోడ దాకా వచ్చేదో, ఏ నెలలో ఏ పని నడిచేదో అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. గుర్తొచ్చినవాటిలో పూల కంటే పనులే ఎక్కువ. అందుకే ఇందులో కూడా అవే ఎక్కువ ఉంటాయి.

గిలక ఆగే రోజులు

మల్లెలు నూతికి తూర్పున రెండు వరసలు. పొదకీ పొదకీ నాలుగడుగుల ఎడం. దానికంటే దగ్గరగా నాటితే రెండో ఏటికే కొమ్మలు కలిసిపోయి, లోపలికి ఎండ దూరదు, గాలి ఆడదు. తెల్లారకముందే గిలక కిర్రుమనేది. చేద నీళ్లను తాకిన చప్పుడు, తాడు రాతి అంచుకి రాసుకునే చప్పుడు, బిందె కాలువలో బోర్లిస్తే నీళ్లు సుడి తిరుగుతూ మొదటి పాదులోకి దిగే చప్పుడు. ఒక్కో పాదుకి రెండు బిందెలు. ఒక పాదు నిండగానే మట్టితో అడ్డుకట్ట వేసి రెండోదానికి తిప్పడం పిల్లల పని.

మార్గశిరం రాగానే ఆ కాలువకి మొదట్లోనే గట్టు పడేది. మామ్మ పార అంచుతో మట్టి లాగి, అరిపాదంతో అదిమి, "ఇక మల్లెలకి నీళ్లు లేవు, ఎవరూ జాలిపడి పొయ్యకండి" అనేది. ఆ మాట ప్రతి ఏడూ అనాల్సి వచ్చేది. ఎందుకంటే వారం తిరక్కుండానే ఆకులు వాడిపోయేవి, ఇంట్లో ఎవరో ఒకరికి మనసాగేది కాదు. చాటుగా ఒక చెంబు పోసినా ఆ పొదకి మాత్రం బెట్ట, అంటే నీళ్లాపి ఎండగట్టడం, చెడినట్టే.

బెట్ట ఎందుకంటే, నీళ్లు అందుతున్నంతకాలం మల్లె ఆకూ కొమ్మా పెంచుకుంటూనే పోతుంది. నీళ్లు ఆగితే పెరుగుదల ఆగుతుంది. ఆకులు చేసిన తిండి కొత్త చిగుళ్లకి పోకుండా కాండంలో, వేళ్లలో నిలవపడుతుంది. తర్వాత కత్తిరించి, ఎరువేసి, ఒక్కసారిగా తడిపితే ఆ నిలవంతా బయటికి తన్నుకొస్తుంది. పొదంతా ఒకేసారి చిగురేస్తుంది. మల్లె మొగ్గ కట్టేది ఆ ఏడాది పుట్టిన లేతకొమ్మల చివరనే, ముదురు కొమ్మ మీద కాదు. కాబట్టి ఎన్ని కొత్త కొమ్మలొస్తే అంత పూత.

ఎన్నాళ్లు ఎండగట్టాలన్నది నేలను బట్టి ఉంటుంది. ఇసుక పాలెక్కువైతే పదిహేను రోజులు చాలు. బంకమట్టి అయితే నెల పడుతుంది. మామ్మ రోజులు లెక్కపెట్టేది కాదు, ఆకుని చూసేది. మధ్యాహ్నం వాలిన ఆకు సాయంత్రానికి లేస్తే ఇంకా చాలలేదన్నట్టు. తెల్లవారుజామున చూసినా వాలే ఉండి, కింది ఆకులు పసుపు తిరిగి రాలడం మొదలైతే సరిపోయిందన్నట్టు. కొమ్మల కొసలు ఎండి చిటుక్కున విరిగాయంటే మాత్రం హద్దు దాటినట్టు. అలా దాటనిచ్చిన ఏడాది ఒక పొద మళ్లీ లేవలేదు. అది రెండేళ్ల మొక్క, వేరింకా లోతుకి దిగలేదు. మూడేళ్లు నిండని మల్లెకి గట్టి బెట్ట పెట్టకూడదు.

కత్తెర, సున్నం, తుత్తం

పుష్యంలో ఒకరోజు పొద్దున్నే తాతయ్య కత్తెర నూరేవాడు. సానరాయి మీద నీళ్లు చిలకరించుకుంటూ, ఒకే దిశలో, లోపలి అంచు ముట్టుకోకుండా. మొండి కత్తెర కొమ్మని కొయ్యదు, నలిపేస్తుంది. నలిగినచోట కుళ్లు పట్టి కిందికి దిగుతుంది.

మోకాలి ఎత్తున, అంటే అడుగున్నర దగ్గర, పొదనంతా ఒక మట్టానికి కోసేవాడు. అది ముతక కోత. ఆ తర్వాతే అసలు పని. ఎండినవి, పెన్సిల్ కంటే సన్నటివి, ఒకదానిమీదొకటి ఒరుసుకునేవి, పొద లోపలికి తిరిగినవి మొదలంటా తీసేసేవాడు. చివరికి ఎనిమిదో పదో గట్టి కొమ్మలు గిన్నె ఆకారంలో మిగిలేవి. ప్రతి కోతా కణుపుకి పావంగుళం పైన, కాస్త ఏటవాలుగా, కణుపు బయటి వైపు చూస్తున్న చోట. కణుపుని ఆనించి కోస్తే ఆ మొగ్గ ఎండిపోతుంది. మరీ పైన కోస్తే మిగిలిన మోడు ఎండి చెదలకి దారిస్తుంది. మరీ కిందికి, ముదురు చెక్క దాకా కోసినా తప్పే. అక్కడ నిద్రపోతున్న మొగ్గలు తక్కువ, లేవడానికి నెలలు పడుతుంది.

కోత అయ్యాక మిగిలిన ఆకుల్ని కూడా చేత్తో దూసేసేవాళ్లం. తొడిమ పట్టుకుని పైకి కాకుండా కిందికి లాగితే ఆకు పంగలో ఉన్న మొగ్గ కూడా ఊడొస్తుంది. అందుకని పైకే తియ్యాలి. పాత ఆకుల అడుగున ఎర్రనల్లి, పురుగుల గుడ్లు నక్కి ఉంటాయి. అవి కొత్త చిగుళ్ల మీదికి ఎక్కకుండా ఆ ఆకులన్నీ గోనెలో నింపి పెరడు దాటించి కాల్చేవాళ్లు. ఎరువు గుంతలో వేసేవాళ్లు కాదు.

బొటనవేలంత లావు కోతలకి కుళ్లు పట్టకుండా బోర్డో పేస్టు పూసేవాళ్లు. నూరు గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో ఒక మట్టి మూకుడులో, నూరు గ్రాముల సున్నం అర లీటరులో ఇంకో మూకుడులో. రెండూ కరిగాక కలపడం. ఇనప గిన్నె వాడకూడదు, తుత్తం దాన్ని తినేస్తుంది. కలిపిన నీలి ముద్దలో ఒక నిమిషం పాటు కత్తి మొన ముంచి తీసి చూసేవాడు తాతయ్య. కత్తి మీద రాగి రంగు పొర పడితే తుత్తం ఎక్కువైందన్నమాట, ఇంకొంచెం సున్నం పడాలి. కత్తి మెరుస్తూ వస్తే పూయొచ్చు. చేసిన రోజే వాడెయ్యాలి, మర్నాటికి దానిలో పస ఉండదు.

ఆ తర్వాత పాదు తవ్వకం. మొదలుకి అడుగు దూరంలో, చుట్టూ, బెత్తెడు లోతు. సన్నటి పీచు వేళ్లు తెగుతాయి, తెగాలి కూడా. లావు వేళ్ల మీద గునపం పడకుండా చూసుకోవాలి. ఆ గుంతని మూడు నాలుగు రోజులు ఎండకి వదిలేస్తే మట్టిలో ఉన్న పురుగు పైకి తేలి పక్షుల పాలవుతుంది. అప్పుడు పొదకి పది కిలోల మాగిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి వేసి మట్టి కప్పాలి. మాగిన ఎరువంటే నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా ఉండాలి. పిడికిట్లో పిసికితే ముద్దవ్వాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. పచ్చిపేడ వేస్తే మట్టిలో వేడి పుట్టి, కొత్తగా వస్తున్న వేరు మాడిపోతుంది. పైగా వేరుపురుగుకి అదే ఇల్లు.

ఇక మొదటి తడి. కాలువ గట్టు తెంచగానే నీళ్లు వచ్చి ఎండిన పాదులో పడేవి. నెల్లాళ్లు దాహంతో ఉన్న మట్టి బుడబుడమని బుడగలు వదుల్తూ తాగేది. ఆ చప్పుడు వినడానికి పిల్లలం పాదుల చుట్టూ గొంతుక్కూర్చునేవాళ్లం. పాదుకి నాలుగు బిందెలు, పొర్లేదాకా. మొదటి తడి పొదుపుగా పోస్తే చిగురు విడతలు విడతలుగా వస్తుంది, పూత కూడా అలాగే చెల్లాచెదురవుతుంది. గిలక మళ్లీ మోగడం మొదలయ్యేది ఆ రోజునే.

రెండు వారాలకి ప్రతి కణుపు దగ్గరా లేతాకుపచ్చ ముల్లులా చిగురు. రెండు నెలలు దాటాక చివర్లలో పచ్చగింజలంత మొగ్గలు. ఒక ఏడాది కోత నెల ఆలస్యమైంది. పూత సరిగ్గా నిప్పులు చెరిగే ఎండల్లో పడి, మొగ్గలు చిన్నవై, విచ్చకముందే పసుపెక్కాయి. కత్తెర పడే నెల మల్లెకి అంత ముఖ్యం.

రేపటి మొగ్గ

మల్లె గుత్తిలో సాధారణంగా మూడు మొగ్గలుంటాయి. నడిమిది ముందు ముదురుతుంది, అటూ ఇటూ ఉన్నవి తర్వాత. కోసేటప్పుడు నడిమిదాన్ని తుంచుతూ పక్కవాటికి గోరు తగిలితే ఆ రెండు పూలూ పోయినట్టే. తొడిమ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి వంచితే టిక్కుమని వస్తుంది. లాగకూడదు.

ఏది ఇవాళ విచ్చే మొగ్గో, ఏది రేపటిదో రంగులోనే తెలుస్తుంది. రేపటి మొగ్గ కొసన ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, పట్టుకుంటే గట్టిగా ఉంటుంది. ఇవాళ్టిది పూర్తిగా తెలుపు, పొట్ట నిండుగా ఉబ్బి, వేలికి మెత్తగా తగులుతుంది. కింద గొట్టం కూడా సాగి ఉంటుంది. పచ్చిమొగ్గ కోస్తే అది ఎన్ని నీళ్లు చిలకరించినా విచ్చదు, అలాగే వడిలి గోధుమరంగుకి తిరుగుతుంది. దూరం పంపేవాళ్లు తెల్లారకముందే కోస్తారు. ఇంటికైతే మధ్యాహ్నం మూడు దాటాక కోసినా చాలు.

మొగ్గలో వాసన ఉండదు. ముక్కుకి ఆనించినా పచ్చి ఆకు వాసనే. అది విచ్చేటప్పుడే పుడుతుంది, రాత్రి పెరిగేకొద్దీ ముదురుతుంది. చీకట్లో తిరిగే చిమ్మటల్ని పిలవడానికి తెల్ల రంగు, రాత్రి వాసన రెండూ కావాలి. మా నూతి దగ్గర మల్లెల వెనకే పారిజాతం ఉండేది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు మల్లెనీ పారిజాతాన్నీ కలిపి నిక్టాంథెస్ అన్న ఒకే ప్రజాతిలో పెట్టాడు. గ్రీకులో రాత్రి పువ్వు అని ఆ మాటకర్థం. 1789లో ఎయిటన్ అనే ఇంకో వృక్షశాస్త్రవేత్త మల్లెని జాస్మినమ్ అన్న ప్రజాతిలోకి మార్చాడు, పారిజాతం అక్కడే ఉండిపోయింది. లిన్నేయస్ మల్లెకి పెట్టిన పేరు రాత్రి గురించే అన్నది నాకు చాలా నచ్చిన సంగతి.

కోసిన మొగ్గల్ని తడిపి పిండేసిన నూలుగుడ్డలో వదులుగా చుట్టి, కొత్త కుండ అడుగున పెట్టేవాళ్లు. గుడ్డలో నీళ్లు కారుతూ ఉంటే రెక్కల మీద మచ్చలు పడతాయి. మూత బిగించిన డబ్బాలో పెడితే మొగ్గలు వేడెక్కి ఒక పూటలో ఎర్రబారతాయి. కుండ గోడల తేమ ఆరుతూ లోపల చల్లబరుస్తుంది, దాన్ని మించింది లేదు.

ఊదారంగు మొగ్గ

తెల్లగా ఉండాల్సిన మొగ్గ ఊదారంగుకి తిరిగిందంటే మామ్మ ముఖం మారిపోయేది. దానికి రెండు కారణాలుంటాయి. మొగ్గ పక్కన సూదిబెజ్జమంత రంధ్రం ఉండి, చీల్చి చూస్తే లోపల ఆకుపచ్చని చిన్న పురుగు, నల్లటి తల ఉంటే అది మొగ్గ తొలిచే పురుగు. ఒక మొగ్గ తినేసి పక్క మొగ్గలోకి పోతుంది, రెంటినీ పట్టుదారంతో కలిపి కుడుతుంది. రంధ్రం లేకుండా మొగ్గ అడుగుభాగం ఉబ్బి, ఊదారంగై, ముట్టుకోగానే రాలిపోతుంటే అది మొగ్గ ఈగ. దాని పిల్లలు లోపల పాలరంగు చుక్కల్లా కదులుతుంటాయి.

రెంటికీ మా ఇంట్లో మొదటి మందు చేతివేళ్లే. రోజూ సాయంత్రం పూలబుట్టతోపాటు ఇంకో డబ్బా చేతిలో ఉండేది. రంగు తిరిగిన మొగ్గ ప్రతిదీ అందులోకి. రాలినవి కూడా ఏరాలి, మొగ్గ ఈగ పిల్ల మట్టిలోకి దిగి ప్యూపా కడుతుంది కనక. ఆ డబ్బాలో సబ్బునీళ్లు. ఒక్క రోజు ఏరడం తప్పినా పది రోజుల తర్వాత తేడా కనిపించేది. పాదు మట్టిని వారానికోసారి బొరిగెతో పైపైన కదపడం కూడా అందుకే, లోపలి ప్యూపా ఎండకి పైకొస్తుంది. బాగా ముదిరినప్పుడే వేపనూనె, లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బుద్రావణం కలిపి, ఎండ తగ్గాక కొట్టేవాళ్లు. ఎండలో కొడితే లేత చిగుళ్లు మాడతాయి.

ఇంకొకటి, ఈనెలు ఆకుపచ్చగానే ఉండి వాటి మధ్యనున్న ఆకు పసుపెక్కడం. అది లేత ఆకుల్లో మొదలైతే ఇనుము అందడంలేదని. మట్టిలో ఇనుము లేకపోవడం వల్ల కాదు చాలాసార్లు. సున్నం పాలెక్కువైన నేలలో వేరు దాన్ని తీసుకోలేదు. లీటరు నీళ్లకి అయిదు గ్రాముల అన్నభేది, అంటే ఇనుముండే లవణం, వారం తేడాతో రెండు మూడుసార్లు ఆకుల మీద చల్లితే పచ్చబడేవి.

వాసన పట్టుకుని వెతికే పువ్వు

పడమటి గోడ పక్కన మనోరంజితం ఉండేది. పువ్వు ఆకు రంగులోనే పుడుతుంది, ఆకుల్లోనే దాక్కుంటుంది. ఆరు దళసరి రెక్కలు. పచ్చగా ఉన్నన్నాళ్లూ వాసన ఉండదు. పసుపుకి తిరిగిన రోజున మాగిన పండులాంటి వాసన గోడ దాటి పోతుంది. అయినా పొద ముందు నిలబడితే పువ్వు కనిపించదు. పిల్లలం ముక్కుతో వెతికేవాళ్లం. ఒకడు ఇక్కడే అంటాడు, ఇంకొకడు కాదు పైన అంటాడు.

ఆ మొక్క ఎక్కే తీరు చూడదగ్గది. తీగలా చుట్టుకోదు. పూకాడే వంకర తిరిగి గట్టి కొక్కెమవుతుంది. ఆ కొక్కెంతో దొరికిన కొమ్మని పట్టుకుంటుంది. తెలియక కొక్కేలు కోసేస్తే పూలూ పోతాయి, పట్టూ పోతుంది. కత్తిరింపు పడేది పొడుగ్గా నేలమీద పాకే కొమ్మలకే. గింజ మొలకెత్తడానికి నెలలు పడుతుంది, కొమ్మని మట్టిలోకి వంచి అంటు తొక్కుకోవడమే నయం.

పొగడ కింద చీపురు

ఉత్తరం మూలన పొగడ. పెద్ద చెట్లు ఉత్తరాన, పొదలు దక్షిణాన. చలికాలం సూర్యుడు దక్షిణానికి ఒరిగినప్పుడు కూడా మల్లెల మీద నీడ పడకుండా తాతయ్య చేసిన ఏర్పాటది. మల్లెకి రోజుకి ఆరు గంటల ఎండైనా తగలకపోతే ఆకులే తప్ప పూలుండవు.

పొగడ పూలు తెల్లారేసరికి నేల మీద ఉంటాయి. చెట్టెక్కి కోసే పని లేదు. రాలేటప్పుడు రెక్కలన్నీ ఒక చక్రంలా కలిసే రాలతాయి, నడిమి కాడ చెట్టుకే ఉండిపోతుంది. అందుకే ప్రతి పువ్వుకీ మధ్యలో బెజ్జం తయారుగా ఉంటుంది. సూది అక్కర్లేదు, గడ్డిపరక చాలు. ఆ పూట వాకిలి ఊడ్చే చీపురు చప్పుడు పొగడ దగ్గరికొచ్చి ఆగేది. పూలు ఏరుకున్నాకే మళ్లీ మొదలయ్యేది. ఎండినా వాసన పోని పువ్వది. పాత బట్టల పెట్టెలో గోధుమరంగు చక్రాలు ఏళ్ల తరబడి ఉండేవి.

ఇదే రోజుల్లో వేప పూసేది. పగలు తేనెటీగల రొద, రాత్రి తీపి వాసన. ఆరేసిన మంచాల మీదా, నూతి నీళ్ల మీదా సన్నటి తెల్లపూలు. పొద్దున్న చేద దించితే ముందు ఆ పూల తెర చీలేది.

అసలు మాధవి

చాలామంది రాధామనోహరాన్ని మాధవీలత అంటారు. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీరంగై, ఆ మర్నాటికి ఎర్రబడే గుత్తులు రాధామనోహరానివి. మాధవి వేరు. అయిదు రెక్కలు, అంచులు కుచ్చుల్లా చీలి ఉంటాయి. నాలుగు తెలుపు, ఒక్కదాని మీద మాత్రం పసుపు మరక. కేసరాల్లో ఒకటి మిగతావాటికంటే బాగా పొడుగు. కాయకి మూడు రెక్కలు. మేడ మీంచి వదిలితే గిరగిరా తిరుగుతూ దిగుతుంది. ఆ కాయలు ఎగరేసుకున్న పిల్లలకి ఈ రెండు తీగల తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

మాధవి బలమైన తీగ, సన్నటి పందిరి మీదికి ఎక్కిస్తే అయిదేళ్లలో దాన్ని కూలదోస్తుంది. మాకు తాటి దుంగల పందిరి ఉండేది. చెట్టు మీదికి పాకనిస్తే ఆ చెట్టుకి ఎండ లేకుండా కప్పేస్తుంది. పూత అయిపోయాకే కత్తిరించాలి. చలికాలంలో మల్లెతోపాటు దీన్నీ కోసేస్తే ఆ వసంతం పూత పోయినట్టే. కొత్తగా పనిలోకొచ్చినతను ఒకసారి మార్గశిరంలో పందిరంతా నున్నగా చేసిపెట్టాడు. పాపం, శుభ్రం చేశాననుకున్నాడు. ఆ ఏడు పందిరి కింద నేల మీద ఒక్క తెల్ల రెక్క కూడా పడలేదు.

సంపెంగ గురించి ఒక్క మాట. గింజ నుంచి పెంచితే ఏడెనిమిదేళ్లు ఆగాలి. అంటు మొక్క రెండు మూడేళ్లకే పూస్తుంది. గింజ మీద ఉండే ఎర్రటి గుజ్జుని ఇసుకలో రుద్ది తీసేసి, వెంటనే విత్తాలి. నిలవుంచిన గింజ మొలవదు. కొమ్మలు పెళుసు, పిల్లల్ని ఎక్కనివ్వకూడదు.

టప్పుమనే కాయలు

వంటింటి మెట్ల పక్కన కనకాంబరాల మడి. వాసన లేని పువ్వే, కానీ రోజు విడిచి రోజు కోసినా తరగదు. వెన్ను అడుగు నుంచి పైకి వరసగా పూస్తూ పోతుంది. ఎండిన వెన్నుని దాని కింది కణుపు దగ్గర తుంచితేనే పక్క కొమ్మలొస్తాయి. ఎండిన కాయలకి తడి తగిలితే టప్పుమని పేలి గింజ దూరంగా పడుతుంది. తొలకరి చినుకులు పడ్డ సాయంత్రం ఆ మడిలో పేలాలు వేయించినట్టే ఉండేది. గింజ కావాలంటే వెన్నులు ముందే కోసి, పైన పల్చటి గుడ్డ కప్పి, నీళ్లు చిలకరించాలి. గుడ్డ లోపలే అన్నీ పేలతాయి.

కనకాంబరం ఉన్నట్టుండి వడిలిపోతే పీకి వేరు చూడాలి. నల్లటి మచ్చలుంటే నులిపురుగు. అది వేరుకి గాయం చేస్తుంది, ఆ గాయంలోంచి ఎండుతెగులు శిలీంధ్రం దూరుతుంది. మందులు ఫలించేది తక్కువ. ఆ మడిలో ఒక పంట బంతి వేసి, వేళ్లతో సహా అక్కడే మట్టిలో కలిపి, ఆ తర్వాతే మళ్లీ కనకాంబరం పెట్టేవాళ్లు.

పాతిన కుండలు

వైశాఖంలో నూతిలో నీళ్లు అడుగంటేవి. పెరడు బతికేది పాతిన కుండల మీద. అయిదారు లీటర్లు పట్టే, మెరుగు పెట్టని మట్టికుండని రెండు మల్లెల మధ్య మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూకుడు బోర్లించేవాళ్లు. చుట్టూ మట్టి పొడిగా ఉంటే కుండ చెమర్చి వదుల్తుంది, తడిగా ఉంటే ఊరుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు. మూత లేకపోతే దోమలు పెరుగుతాయి, బల్లులు పడతాయి. ఉప్పునీళ్లు వాడితే రెండేళ్లకి సన్నటి రంధ్రాలు పూడుకుపోయి కుండ వదలడం మానేస్తుంది. తవ్వి తీసి, కొబ్బరిపీచుతో తోమి, రాత్రంతా నానబెట్టి మళ్లీ పాతాలి. మొన్న పెరట్లో తవ్వుతుంటే పారకి ఒక కుండ మెడ తగిలింది. లోపల పొగడ ఆకుల మట్టి నిండి ఉంది.

ఇటుక మీద గీతలు

గొట్టం మొదట బాగుచేయించాలనుకున్నాం. పొద మొదట్లో వేలు పెట్టి చూస్తే వేరింకా గట్టిగానే ఉంది, కుళ్లు వాసన లేదు. బెట్ట ఇప్పుడు పెట్టలేం, మార్గశిరం దాకా ఆగాలి. కానీ పాదు తడిగా ఉండటం అంటు తొక్కడానికి కలిసొచ్చింది.

నేలకి దగ్గరగా, పెన్సిల్ లావున్న నిరుటి కొమ్మ ఒకటి దొరికింది. కొస నుంచి జానెడు వదిలి, కణుపుకి సరిగ్గా కింద అంగుళం పొడుగున బెరడు వలయంగా తియ్యాలి. తెల్ల చెక్క మీద జిగురు పొర మిగలకుండా కత్తి వెనక వైపుతో గీకాలి. ఆ పొర మిగిలితే బెరడు మళ్లీ అతుక్కుంటుంది, వేరు రాదు. మూడంగుళాల లోతు గాడి తీసి, సగం ఇసుక, సగం మాగిన ఎరువు వేసి, కొమ్మని వంచి, పంగల పుల్ల గుచ్చి, మట్టి కప్పాలి. కొస నిటారుగా నిలబడేలా కర్రకి కట్టాలి. పైన ఇటుక, కొమ్మ పైకి లేవకుండా, మట్టి ఆరకుండా.

ఆ ఇటుకల మీద మామ్మ మేకుతో నెలకో గీత గీసేది. మూడు గీతలకి కొమ్మని మెల్లగా లాగి చూసేది. కదలకపోతే వేరు పట్టినట్టు. నాలుగో గీతకి తల్లి వైపు సగం లోతు కోత, వారం ఆగి మిగతా సగం. ఒకేసారి తెంపితే కొత్త వేరు ఇంకా ఆ కొమ్మని మొయ్యలేదు.

నూతి గట్టు కింద అలాంటి ఇటుకలు ఆరు దొరికాయి, నాలుగేసి గీతలతో. వాటిలో ఒకదాన్ని తిరగేసి, గీతల్లేని వైపు పైకి వచ్చేలా కొమ్మ మీద పెట్టాం. నెల నిండాక మేకు తీసుకుని మొదటి గీత గీశాను.